సీసా మీది పసుపు రంగు చెప్పని సంగతి

ఈ పత్రికలో బి.పి., షుగరు, బాలింతల ఆహారం, దోమకాటు జ్వరాల వంటివే ఎక్కువగా రాస్తుంటాము. ఈసారి విషం గురించి రాస్తున్నాము. పద్మారావు నగర్‌లో ఉండే మాకు పొలమా పంటా, పురుగుమందుతో మాకేం పని అని కొందరు అనవచ్చు. కానీ మన కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో ఇంకా భూమి ఉన్నది. సెలవులకు పిల్లలు అక్కడికే వెళతారు. ఊళ్లో ఎవరికి బాగా లేకపోయినా ముందు తీసుకొచ్చేది సికింద్రాబాదుకే. ఇక ఊరు లేనివారి ఇళ్లలో కూడా చెదల మందు, ఎలుకల మందు, బొద్దింకల మందు ఏదో ఒక అలమారలో ఉంటూనే ఉంటాయి.

కొన్నేళ్ల క్రితం ఒక వానాకాలంలో, ఒకే నెలలో, మా వార్డుకు ఇద్దరు వచ్చారు.

మొదటి ఆవిడ మన పేటలోనే ఉండే పెద్దావిడ, డెబ్బై దాటిన వయసు. ఇంట్లో తలుపు చట్రాలకు చెద పట్టిందని మందు కొట్టించారు. మిగిలిన మందును పనివాడు ఖాళీ టానిక్కు సీసాలో పోసి, మళ్లీ పనికొస్తుందని వంటింటి అలమారలో పెట్టి వెళ్లాడు. రాత్రి దగ్గు వచ్చి, చూపు సరిగా లేని ఆవిడ అలవాటు ప్రకారం చెయ్యి పెట్టి, మూతతో కొలుచుకుని తాగారు. మా దగ్గరకు తెచ్చేసరికి నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, గొంతులో గురగుర, కంటిపాపలు గుండుసూది మొనంత. డాక్టరు గారు ఆ లక్షణాలను బట్టే అట్రోపిన్ మొదలుపెట్టారు. అసలు డబ్బా ఏదని కొడుకును అడిగితే ఆయనకు తెలియదు. పనివాణ్ణి వెతికి పట్టుకుని డబ్బా తెచ్చేసరికి తెల్లవారింది. దాని మీద క్లోర్‌పైరిఫాస్ అని ఉన్నది. ఆవిడను వెంటిలేటర్ మీద పెట్టవలసి వచ్చింది. దక్కరనే అనుకున్నాము. పదకొండో రోజు కోడలి చెయ్యి పట్టుకుని నడిచి ఇంటికి వెళ్లారు.

రెండోవాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. జనగామ వైపు ఊరు. ఇంట్లో మాటా మాటా పెరిగి, చేతికి అందిన గడ్డి మందు తాగాడు. అక్క మన వీధిలో ఉంటుంది కాబట్టి ఇక్కడికి తెచ్చారు. అతను మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. నోరూ గొంతూ మండుతున్నాయన్నాడు, అంతే. చెమట లేదు, నురగ లేదు. సాయంత్రం చాయ్ అడిగాడు. ఇంతకు ముందు చూసిన పెద్దావిడ కంటే ఇతను నూరు రెట్లు నయం అనిపించేటట్టు ఉన్నాడు. వాళ్ల నాన్న తువ్వాలులో చుట్టుకుని డబ్బా తెచ్చాడు, మంచిపని చేశాడు. దాన్ని మాకు చూపించి, "సిస్టరమ్మా, దీని మీద ఎర్ర గుర్తు లేదు గదా, పసుపే ఉన్నది. ఎరుపైతే పెద్ద విషమంట. పిల్లగాడు బతుకుతడు గదా?" అని అడిగాడు.

అతనికి ఆ సంగతి ఎరువుల దుకాణంలో ఎవరో చెప్పారు. చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. డబ్బా మీద పారాక్వాట్ అని ఉన్నది. మూడో రోజుకు మూత్రం తగ్గింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. తర్వాత ఆయాసం మొదలైంది. పెద్ద ఆసుపత్రికి పంపాము. తొమ్మిదో రోజు పోయాడని అక్క వచ్చి చెప్పింది.

ఆ నెలలో ఆ రెండు డబ్బాలూ మా డ్యూటీ రూములో బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి మీదా పసుపే. ఆ తండ్రి ప్రశ్నకు ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేదు. పెద్ద డాక్టరు గారు చెబుతారు అని తప్పుకున్నాము. ఈ వ్యాసం ఆయనకు ఇవ్వవలసిన జవాబే.

డబ్బా తిప్పి చూడండి. చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది. నిబంధన ప్రకారం అది లేబులు మొత్తంలో పదహారో వంతుకు తగ్గకూడదు. పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. ఎరుపు అయితే పైన పుర్రె, ఎముకల బొమ్మ, ఎర్ర అక్షరాల్లో 'విషం' అనే అర్థమిచ్చే మాట ఉంటాయి. పసుపు అయితే పుర్రె ఉండదు కానీ 'విషం' అనే మాట ఉంటుంది. ఈ సంగతి చాలామంది చూడరు. నీలానికి 'ప్రమాదం', ఆకుపచ్చకు 'జాగ్రత్త' అని ఉంటుంది. ఇవన్నీ 1968లో వచ్చిన పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనలు. ఆ చట్టం ఊరికే రాలేదు. 1958లో కేరళలో, ఓడలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిపోయిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి విషాలకు ఒక లెక్క, ఒక గుర్తు కావాలన్న ఆలోచన మొదలైంది.

ఆ లెక్క పేరు ఎల్.డి. 50. ఇంగ్లండులో ట్రెవాన్ అనే శాస్త్రవేత్త 1927లో దీన్ని ప్రతిపాదించారు. ఒక మందును ఎలుకల గుంపుకు ఇస్తే వాటిలో సగం చనిపోవడానికి ఎంత మోతాదు కావాలో చూడడమే ఆ లెక్క. సగమే ఎందుకంటే, అన్నిటికంటే బలహీనమైన ఎలుక తొందరగా పోతుంది, గట్టిది ఎంతకీ పోదు. ఆ రెండు చివర్లను పట్టుకుంటే లెక్క ప్రతిసారీ మారిపోతుంది, మధ్యది మాత్రం నిలకడగా ఉంటుంది. ఒకే నిద్రమాత్ర వేస్తే వార్డులో ఒకరు పొద్దెక్కేదాకా లేవరు, ఇంకొకరు అర్ధరాత్రే లేచి కూర్చుని మమ్మల్ని పిలుస్తారు, అది మాకు రోజూ అనుభవమే.

ప్రయోగం చేసే పద్ధతి మా పనికి దగ్గరగానే ఉంటుంది. ఎలుకను రాత్రి పస్తు ఉంచుతారు. మేము రోగికి ముక్కులో నుంచి రైల్స్ ట్యూబు వేసినట్టు, దాని నోట్లో నుంచి కడుపులోకి గొట్టం వేసి, బరువును బట్టి కొలిచిన మందు పోస్తారు. పద్నాలుగు రోజులు కనిపెట్టి చూస్తారు. వణుకు, లాలాజలం, నడక, నిద్ర, బరువు అన్నీ రాస్తారు. చివరకు అవయవాలు కోసి పరీక్షిస్తారు. వెనుకటి రోజుల్లో ఒక్క మందుకు పదుల కొద్దీ ఎలుకలు పోయేవి. అంత అవసరం లేదని ప్రపంచ దేశాలు ఆ పాత పద్ధతిని 2002 చివరికి పక్కన పెట్టి, కొద్ది ఎలుకలతో సరిపెట్టే పద్ధతులకు మారాయి. వాటిలో ఒక పద్ధతిలో చావు దాకా పోనక్కర లేదు, విషం ఎక్కిన గుర్తులు స్పష్టంగా కనిపిస్తే చాలు. మనకు దగ్గరలోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, దేశంలోని ప్రయోగశాలలకు ఎలుకలను పెంచి అందించిన కేంద్రం ఉండేది. ఆ రోడ్డు మీద బస్సులో వెళ్లేటప్పుడు, మన సీసాల మీది రంగుల వెనుక ఎన్ని మూగజీవాలు ఉన్నాయో అని మాలో ఒకరు అంటుండేవారు.

సరే, లెక్కకు వద్దాము. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సగం ఎలుకలు పోతే ఎరుపు. 51 నుంచి 500 వరకు పసుపు. 501 నుంచి 5000 వరకు నీలం. అది దాటితే ఆకుపచ్చ. నోటి ద్వారా పోతే ఈ లెక్క. చర్మం మీద పడితే వేరే లెక్క ఉన్నది. మోనోక్రోటోఫాస్ ఎలుకకు 14 మిల్లీగ్రాములు, అందుకే ఎరుపు. మనం కూరలో వేసుకునే ఉప్పుకు కూడా ఈ లెక్క ఉన్నది, సుమారు 3000. అంటే ఉప్పు సీసాకు గుర్తు వేయవలసి వస్తే నీలం వేయాలి! నవ్వు వస్తుంది కానీ, మోతాదు లేకుండా విషం అనే మాటకు అర్థం లేదని దీని వల్లే తెలుస్తుంది. కిలో బరువుకు లెక్క కాబట్టి, పెద్దవాడు తట్టుకున్నది పసిపిల్ల తట్టుకోలేదని కూడా దీని వల్లే తెలుస్తుంది.

ఈ పరీక్ష అనవసరం అని మేము అనడం లేదు. కొత్త మందును మనిషి మీద ప్రయోగించి చూడలేము కదా. మందు కొట్టే రైతుకు, లారీలో వేసే హమాలీకి, దుకాణంలో అమ్మేవాడికి ఒక్క చూపులో తెలిసే గుర్తు కావాలి. చదువు రానివారికి రంగే అక్షరం. ఎర్ర గుర్తు చూసి చేతులకు తొడుగు వేసుకున్నవాడు ఒక్కడున్నా ఆ గుర్తు పని చేసినట్టే.

మా అభ్యంతరం వేరే. ఆ రంగు ఎలుక లెక్క. మనిషి ఆసుపత్రికి వచ్చాక ఏమవుతాడో అది చెప్పదు. చెప్పమని ఎవరూ దాన్ని అడగలేదు కూడా. కానీ జనం మాత్రం దాన్ని అలాగే చదువుతున్నారు.

దీనికి మా రెండు కేసులే ఆధారం అనుకోకండి. పొరుగున ఉన్న శ్రీలంకలో డాక్టర్లు పురుగుమందు తాగి వచ్చిన వేలాది మందిని వరుసగా గమనించి, ఏ మందు తాగినవారిలో ఎందరు పోయారో రాసిపెట్టారు. 2005లో మూడు మందుల లెక్క ప్రచురించారు. క్లోర్‌పైరిఫాస్, డైమెథోయేట్, ఫెంథియాన్. మూడూ ఒకే జాతివి, ఆర్గానోఫాస్ఫరస్ మందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూడూ ఒకే తరగతి. క్లోర్‌పైరిఫాస్ తాగినవారిలో నూటికి 8 మంది పోయారు. ఫెంథియాన్‌కు 16 మంది. డైమెథోయేట్‌కు 23 మంది. ఎలుకల లెక్కలో చూస్తే క్లోర్‌పైరిఫాస్, డైమెథోయేట్ ఇంచుమించు సమానం, ఆ మాటకొస్తే క్లోర్‌పైరిఫాసే ఒక పిసరు ఎక్కువ ఘాటు. మనుషుల లెక్కలో డైమెథోయేట్ మూడు రెట్లు ప్రాణాంతకం. 2010లో ఇంకా పెద్ద లెక్క వచ్చింది. తొమ్మిది వేల మందికి పైగా రోగులు, పదుల సంఖ్యలో మందులు. కొన్ని మందులకు ఒక్కరూ పోలేదు. పారాక్వాట్‌కు నూటికి 42 మంది పోయారు.

ఎలుకకు పారాక్వాట్ మోతాదు సుమారు 150 మిల్లీగ్రాములు, క్లోర్‌పైరిఫాస్‌కు 135. ఎలుకను అడిగితే రెండూ ఒకటే. గినీ పందిని అడిగితే పారాక్వాట్ విషయంలో ఎలుక మోతాదులో చిన్న భాగమే చాలంటుంది. మనిషి కూడా ఈ మందు దగ్గర ఎలుక కంటే సున్నితం. ఇంకో తేడా వైద్యంలో ఉన్నది. క్లోర్‌పైరిఫాస్‌కు అట్రోపిన్ ఉన్నది, ఊపిరి ఆగితే వెంటిలేటర్ ఉన్నది, నాలుగు రోజులు గట్టిగా కాపాడితే శరీరం తేరుకుంటుంది. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. అది ఊపిరితిత్తుల్లో చేరి వాటిని పాడుచేస్తుంది. పైగా ఆక్సిజన్ ఆ హానిని పెంచుతుంది. అందుకని మేము అలవాటుగా అందరికీ పెట్టే ఆక్సిజన్ కూడా ఈ రోగికి ఆచితూచి పెట్టాలి. ఒకడికి ప్రాణం పోసేది ఇంకొకడికి చెరుపు చేస్తుంది. మందు పేరు కోసం మేము అంత గొడవ చేసేది ఇందుకే. పసుపు రంగు ఇవేవీ చెప్పదు. ఎలుకకు ఎవరూ అట్రోపిన్ ఇవ్వరు, వెంటిలేటర్ పెట్టరు.

మన దగ్గర ఇలాంటి లెక్క లేదనుకోకండి. వరంగల్ మహాత్మా గాంధీ మెమోరియల్ ఆసుపత్రి రికార్డులు ఉన్నాయి. 1997 నుంచి 2002 వరకు అక్కడ పురుగుమందు కేసులు 8040 చేరాయి. వారిలో నూటికి 22 మందికి పైగా పోయారు. 2002 సంవత్సరానికి వివరంగా చూస్తే మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారే. నూటికి 96 మంది తమంతట తాము తాగినవారు. ఏ మందో తెలిసిన చావుల్లో సగానికి పైగా రెండే రెండు మందుల వల్ల, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఒకటి ఎరుపు, ఇంకొకటి పసుపు. ఈ వ్యాసం 2005లో వచ్చింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీం కోర్టు 2011లో ఆపించింది. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద వాడకూడదన్నారు. 2013లో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో అదే విషం కలిసి 23 మంది పిల్లలు పోయారు. అంతా మనం వాడుతూ వచ్చిన 36 శాతం ద్రావణాన్ని నిషేధించే ఉత్తర్వు 2023లో వచ్చింది. వరంగల్ వార్డులో నర్సులు రాసిన కేసు షీట్ల నుంచి ఆ ఉత్తర్వుకు ఇరవై ఏళ్లు పట్టింది. ఎలుకల లెక్క మాత్రం అంతకు ముందు నుంచే తెలుసు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. ఒక మందుకు ఏ రంగు వేయాలి, అది అమ్మకంలో ఉండాలా వద్దా అని తేల్చేటప్పుడు ఎలుకల లెక్క పక్కన వార్డుల లెక్క కూడా పెట్టాలి. విరుగుడు ఉన్నదా లేదా అన్నది లేబులు మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. ఇప్పుడు అది లోపల మడత పెట్టిన కాగితంలో, చీమతల అంత అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితం డబ్బా విప్పిన రోజే గట్టు మీద ఎగిరిపోతుంది. విరుగుడు లేని మందుకు పసుపు వేయడం లెక్క ప్రకారం తప్పు కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పారాక్వాట్‌ను రెండో తరగతిలోనే ఉంచి, పక్కన ఒక హెచ్చరిక రాసింది. పొలంలో మామూలు వాడకంలో ప్రమాదం తక్కువే గానీ చిక్కటి మందు నోట్లోకి పోతే ప్రాణం పోవచ్చునని దాని సారాంశం. ఆ హెచ్చరిక పుస్తకంలో ఉన్నది. జనగామ తండ్రి చేతిలోని డబ్బా మీద పసుపు ఉన్నది.

దీనికి మన సంఘంలోని రైతు కుటుంబాల వారే మాకు ఎదురు చెప్పారు. "సిస్టరమ్మా, మీకేం, కలుపు తీయనీకి కూలోళ్లు దొరుకుతలేరు, దొరికినా మేం ఇయ్యలేం. గడ్డి మందు లేకుంటే పంట ఎట్ల?" అని ఒకాయన మీటింగులోనే అడిగారు. తాగేవాడు ఏదైనా తాగుతాడు, మందు మీద నింద ఎందుకు అని ఇంకొకరు అన్నారు. మొదటి మాటలో నిజం ఉన్నది, కూలి భారం మాకు తెలియనిది కాదు. అయినా శ్రీలంకలో 1995లో మొదటి తరగతి మందులనూ, 1998లో ఎండోసల్ఫాన్‌నూ, తర్వాత డైమెథోయేట్, ఫెంథియాన్, పారాక్వాట్‌లనూ ఒక్కొక్కటిగా తీసేశారు. 1990ల చివరి దాకా జరిగిన నిషేధాల తర్వాత పంటల దిగుబడి చూస్తే తగ్గిన జాడ కనిపించలేదని అక్కడి పరిశోధకులే రాశారు. యూరోపు దేశాలు 2007లో, కేరళ 2011లో పారాక్వాట్‌ను ఆపాయి. అక్కడ వ్యవసాయం ఆగలేదు.

రెండో మాట మాత్రం మేము ఒప్పుకోము. తాగేవాడు ఏదైనా తాగుతాడు అన్నది వార్డు చూడనివారి మాట. తాగి వచ్చినవారిలో ఎక్కువమంది నెలల తరబడి ఆలోచించినవారు కారు. కోపం, అవమానం, ఒక్క గంట. ఆ గంటలో చేతికి ఏది అందిందో అదే. మర్నాడు స్పృహ వచ్చాక మా చెయ్యి పట్టుకుని, నన్ను బతికించండి సిస్టర్ అని అడగనివారిని మేము చాలా కొద్దిమందినే చూశాము. ఆ కుర్రాడు కూడా అడిగాడు. చేతికి అందినది బతికే వీలున్న మందా కాదా అన్నదే ఆ తర్వాతి రోజులను నిర్ణయిస్తుంది. శ్రీలంకలో ప్రాణాంతకమైన మందులు తీసేశాక పదేళ్లలో ఆత్మహత్య చావులు సగానికి తగ్గాయి. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటుంటే నవ్వి వదిలేయకండి. మందు డబ్బాలు ఇల్లు దాటించండి, టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఇక మా తప్పు. లెక్కలు కావాలని పైవారిని అడుగుతున్నాము గానీ, మేము రాసిన లెక్కలు ఎలా ఉన్నాయి? పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి చూసుకున్నాము. పేజీల కొద్దీ 'పురుగుల మందు', 'తెలియని విషం', 'ఓ.పి. పాయిజన్, అనుమానం' ఇవే. రాసింది మేమే, మా చేతి రాతే. రాత్రి డ్యూటీలో రోగిని చూసుకోవడమే గగనం, పేరు ఎవరు రాస్తారు అని సర్దుకున్నాము. ఆ పేజీల నుంచి ఎవరూ ఏ లెక్కా తీయలేరు. పద్మారావు నగర్ ఆసుపత్రికి వచ్చి పోయినవారు ఏ మందు వల్ల పోయారో చెప్పడానికి మా దగ్గర కాగితం లేదు. వరంగల్ వారు రాశారు కాబట్టే వరంగల్ పేరు శాస్త్రంలో ఉన్నది.

ఇంటి దగ్గర మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మందు కొన్న డబ్బాలోనే ఉండాలి. కూల్‌డ్రింకు సీసాలో, టానిక్కు సీసాలో, కొబ్బరినూనె డబ్బాలో పోయవద్దు. ఖాళీ మందు డబ్బా ఎంత కడిగినా ఇంటి వాడకానికి తేవద్దు. చెదల మందు కొట్టడానికి వచ్చినవారిని మిగిలింది తీసుకుపొమ్మనండి, ఇవ్వాలనుకున్న టిప్పు దానికే ఇవ్వండి. ఎవరైనా తాగితే ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, పేడ నీళ్లు పట్టి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు ప్రమాదాలు అవుతాయి. మందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి, కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. 108కి ఫోను చేయండి. విషాల గురించి సలహా ఇచ్చే జాతీయ కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్నది, నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతారు. బాగానే మాట్లాడుతున్నాడు కదా అని ఇంటి దగ్గర ఉంచవద్దు. గడ్డి మందు సంగతి పైన చెప్పాము. పళ్లపొడిలాగా ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు కూడా అంతే. అందులోని పచ్చ భాస్వరం మొదటి రోజు ఏమీ కానట్టు ఉంచి, మూడో నాలుగో రోజు కాలేయాన్ని పట్టుకుంటుంది. మోండా మార్కెట్ వైపు వెళ్లి ఎలుకల మందు కొనేటప్పుడు బోను అడగండి, అది పదేళ్లు పనిచేస్తుంది.

మా రిజిస్టరులో ఇప్పుడు రెండు గళ్లు కొత్తగా గీశాము. ఒకటి మందు పేరు, రెండోది రంగు. రెండో గడి నింపడం తేలిక. మొదటిది నింపడానికి డబ్బా కావాలి. డబ్బా లేకుండా వచ్చిన కుటుంబంలో ఒకరిని, ఎంత ఏడుస్తున్నా సరే, వెంటనే ఇంటికి తిరిగి పంపుతున్నాము. ఆటో డబ్బులు డ్యూటీ రూము డబ్బాలో వేరేగా పెట్టి ఉంచాము, అడిగి తీసుకోండి.